సంఘ పెద్దే ఆఫీసులో అన్యాయం చేస్తే ఫిర్యాదు చేయవచ్చా?

సహోదరీ, ప్రభువు నామంలో మీకు వందనాలు.

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు ఎనిమిదేళ్లుగా ఒకే సంస్థలో పనిచేస్తున్నారు. మీరు తయారుచేసిన నివేదికలను మీ పై అధికారి తన పేరుతో పంపుకుంటున్నారు. ఇదేమిటని అడిగినందుకు ఈ ఏడాది మీ పనితీరు బాగాలేదని రాశారు, దానితో రావలసిన పదోన్నతి చేజారింది. ఆయన మీ సంఘంలో పెద్ద కూడా. కాపరి దగ్గర చెప్పుకుంటే రెండో చెంప చూపించి ప్రార్థన చేసుకొమ్మన్నారు. ఫిర్యాదు చేయడం విశ్వాసానికి విరుద్ధమా, ఊరుకుంటే అది పిరికితనమా, ఇంత కోపం గుండెలో పెట్టుకుని ప్రభువు బల్లలో, అంటే ఆయన జ్ఞాపకార్థం రొట్టె, పాత్ర పంచుకునే ఆరాధనలో, పాలుపొందవచ్చా అని మీరు అడిగారు.

ముందుగా సమాధానం చెబుతాను. మీరు ఫిర్యాదు చేయవచ్చు. వాక్యం మనకు వద్దన్నది పగతీర్చుకోవడం. న్యాయం అడగడాన్ని అది ఎక్కడా వద్దనలేదు. అయితే ఈ రెండూ మన లోపల ఒకే గొంతుతో మాట్లాడతాయి కాబట్టి, ఏది ఏదో విడదీసుకున్నాకే కాగితం మీద సంతకం పెట్టండి. సంఘ పెద్దగా ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి తగవులు వింటూ వచ్చాను, ఒకసారి నేనే అలాంటి తగవులో ఒక పక్షంగా నిలబడ్డాను. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

మొదట ఆ రెండో చెంప సంగతి చూద్దాం, ఎందుకంటే గాయపడినవారి నోరు మూయించడానికి ఇంతగా వాడిన వాక్యం మరొకటి లేదు. మత్తయి సువార్త అయిదో అధ్యాయంలో, ఒకడు కొడితే రెండో చెంప కూడా చూపమన్నప్పుడు, ప్రభువు ప్రత్యేకంగా కుడిచెంప అన్నాడు. ఎదురుగా నిలబడిన మనిషి కుడిచేత్తో మన కుడిచెంప మీద కొట్టాలంటే చేతి వెనుక భాగంతో కొట్టాలి. అది ఒంటికి తగిలే దెబ్బ కంటే పరువుకు తగిలే దెబ్బ అని, పైవాడు కిందివాణ్ని అవమానించే తీరు అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అవమానానికి అవమానంతో బదులివ్వవద్దని అక్కడి బోధ. మనల్ని కొట్టినవాడు చేసింది తప్పని చెప్పవద్దన్న మాట అందులో లేదు.

ఈ బోధను ప్రభువే ఎలా పాటించాడో యోహాను సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో కనిపిస్తుంది. ఆయన చేతులు కట్టి ఉన్నాయి. అన్న అనే మాజీ ప్రధానయాజకుని ఎదుట విచారణ జరుగుతోంది. పక్కనే నిలుచున్న బంట్రౌతు ఒకడు, ప్రధానయాజకునికి ఇలాగా జవాబిచ్చేది అంటూ ఆయనను కొట్టాడు. ప్రభువు తిరిగి కొట్టలేదు, శపించలేదు, కాని మౌనంగానూ ఉండలేదు. నేను చెడు మాట ఆడి ఉంటే ఆ చెడు ఏమిటో చెప్పు, మంచి మాటే ఆడితే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. ఈ ఒక్క వాక్యాన్ని నేను చాలా ఏళ్లు పట్టించుకోకుండా చదివాను. ఇందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు, జాలి కోసం వేడుకోలు లేదు. కొట్టినవాడు జవాబు చెప్పి తీరవలసిన సూటి ప్రశ్న మాత్రమే ఉంది. మీ ఫిర్యాదు ఈ వాక్యంలా ఉంటే చాలు. ఇక కొన్ని గంటల తరువాత రోమా అధిపతి పిలాతు ఎదుట అదే ప్రభువు చాలా ప్రశ్నలకు నోరు విప్పలేదు. మాట్లాడడానికీ మాట్లాడకపోవడానికీ వేరువేరు సమయాలు ఉంటాయని, ఏది ఎప్పుడో ఎంచుకోవలసినది గాయపడిన మనిషేనని నేను దీని నుంచి గ్రహించాను. మౌనాన్ని మీరు ఎంచుకుంటే అది ఓర్పు అవుతుంది. ఇతరులు మీ మీద రుద్దితే దాన్ని ఓర్పు అనలేము.

అపొస్తలుడైన పౌలు విషయం ఇంకా సూటిగా ఉంటుంది. ఫిలిప్పీలో న్యాయాధిపతులు విచారణ కూడా చేయకుండా పౌలునూ సీలనూ అందరి ముందు బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. తెల్లవారాక, వాళ్లను వదిలేయండని కబురు వచ్చింది. మనమైతే స్తోత్రం చెప్పి బయటపడేవాళ్లం. పౌలు కదలలేదు. రోమీయులమైన మమ్మల్ని విచారించకుండా బహిరంగంగా కొట్టించి, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకొనిపోవాలి అన్నాడు. వాళ్లు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. రోమా పౌరుణ్ని తీర్పు లేకుండా కొట్టడం చట్టం ఒప్పని పని కాబట్టి, పౌలు పట్టుబట్టి ఉంటే ఆ న్యాయాధిపతుల పదవులకే ముప్పు వచ్చేది. అతడు అంత దూరం వెళ్లలేదు. లూదియ అనే విశ్వాసురాలి ఇంటికి వెళ్లి సహోదరులను చూసి, ఆదరించి, ఊరు విడిచాడు. ఆ ఊళ్లో అప్పుడే పుట్టిన చిన్న సంఘం మీద నేరస్థుల శిష్యులన్న మచ్చ మిగలకూడదు గనుకనే అతడు అంత గట్టిగా నిలబడ్డాడని నా అభిప్రాయం. తప్పు తప్పుగా నమోదు కావాలని అడిగాడు, తప్పు చేసినవాళ్లు నాశనం కావాలని అడగలేదు. ఆ తరువాత యెరూషలేములో కొరడాలతో కొట్టబోయినప్పుడు శతాధిపతిని ఇది న్యాయమా అని అడిగినది, రోమా అధిపతి ఫేస్తు ఎదుట కైసరుకే చెప్పుకుంటానన్నది ఈ పౌలే.

పగతీర్చుట నా పని అని ప్రభువు చెబుతున్నాడని రోమాలోని విశ్వాసులకు రాసిన పత్రిక పన్నెండో అధ్యాయం చివర రాసినది కూడా అతడే. చాలామంది అక్కడ పుస్తకం మూసేస్తారు. బైబిలును అధ్యాయాలుగా విభజించింది పదమూడో శతాబ్దంలో, పౌలు రాసిన ఉత్తరంలో ఆ గీత లేదు. తరువాతి పేరాలోనే అతడు అధికారుల గురించి మాట్లాడుతూ, కీడు చేసేవాడి మీద దేవుడు తన పని జరిగించడానికి వాళ్లను సేవకులుగా ఉంచాడని అంటాడు. రెండు అధ్యాయాలను కలిపి చదివితే అర్థం తేటపడుతుంది. తీర్పును నా చేతిలోంచి విడిచిపెట్టి, తీర్చవలసిన వారి చేతికి అప్పగించాలి. సంస్థలో ఫిర్యాదులు వినడానికి నియమించిన వారు ఉంటే, వారి దగ్గరకు వెళ్లడం పగతీర్చుకోవడానికి సరిగ్గా వ్యతిరేకమైన పని. పగతీర్చుకునేవారు చేసే పనులు మనందరికీ తెలుసు: చాటుమాటుగా పరువు తీయడం, పని చెడగొట్టడం, అవతలివారి ఇంటి సంగతులు బయటపెట్టడం, ప్రార్థన అంశం పేరుతో పదిమందికి చెప్పడం. ఈ చివరిదాని విషయంలో విశ్వాసులమైన మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇక నా అనుభవం. పద్నాలుగేళ్ల క్రితం నేను పనిచేసిన చోట లెక్కల్లో తేడా వచ్చింది. ఆ నిర్ణయం నా పైవారిది, కాగితాల మీద సంతకం మాత్రం నాది. విచారణలో ఆయన తనకేమీ తెలియదన్నారు. ఆ రాత్రి కూర్చుని నాలుగు పేజీల లేఖ రాశాను. రాస్తున్నంతసేపూ నేను సత్యం కోసం పోరాడుతున్నాననే అనుకున్నాను. పొద్దున నా భార్య ఆ లేఖ చదివి ఏమీ అనకుండా ఒక పెన్సిల్ తెచ్చి ఇచ్చింది. ఇందులో మీరు కళ్లతో చూసినవాటి కింద మాత్రమే గీత గీయండి అంది. గీయడం మొదలుపెట్టాను. "మొదటి నుంచీ నన్ను తొక్కేయాలనే చూస్తున్నారు" అన్నదాని కింద గీత పడలేదు. "ఆయన స్వభావమే అంత" అన్నదాని కిందా పడలేదు. "దేవుడు చూస్తూ ఊరుకోడు" అన్న చోట పెన్సిల్ ఆగిపోయింది, ఎందుకంటే ఆ మాటను నేను విశ్వాసంతో రాయలేదని, బెదిరించడానికి రాశానని అప్పుడు నాకు తెలిసింది. నాలుగు పేజీల్లో తొమ్మిది వాక్యాలకు గీత పడింది. తేదీలు, కాగితాల సంఖ్యలు, ఆయన నాతో అన్న రెండు మాటలు, నా వల్ల జరిగిన ఒక పొరపాటు. ఆ తొమ్మిదింటినే తిరగరాసి ఇచ్చాను. ఎంతో బలంగా ఉందనుకున్న నాలుగు పేజీల కంటే ఆ అరపేజీయే గట్టిగా నిలబడింది.

మీకూ ఇదే చేయమని చెబుతాను. మీ లేఖలో మీరు చూసినదీ, మీ దగ్గర ఆధారం ఉన్నదీ మాత్రమే ఉండాలి. ఆయన ఉద్దేశాల గురించి ఒక్క మాట కూడా రాయవద్దు. ఏ నివేదిక, ఏ రోజున మీరు పూర్తిచేశారు, ఏ రోజున ఎవరి పేరుతో వెళ్లింది, మీరు ఎప్పుడు అడిగారు, ఆ తరువాత ఎన్ని రోజులకు మీ పనితీరుపై ఆ మాట రాశారు. ఇవి వరుసగా పెడితే చాలు. ఆయన సంఘ పెద్ద అన్న విషయం ఆఫీసు లేఖలో ఎక్కడా రాకూడదు. 1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ చెరసాల నుంచి రాసిన లేఖలో మార్టిన్ లూథర్ కింగ్ అహింసా పోరాటానికి నాలుగు దశలు చెప్పారు: అన్యాయం నిజంగా ఉందో లేదో తేల్చే వాస్తవాల సేకరణ, సంప్రదింపులు, ఆత్మశుద్ధి, ఆ తరువాతే ప్రత్యక్ష చర్య. పోరాటంలో దిగేవారు దెబ్బలు తిని కూడా తిరిగి కొట్టకుండా ఉండగలమా అని తమను తాము ప్రశ్నించుకునేవారు. ఆ మూడో దశను దాటేసి నాలుగోదానికి పరుగెత్తే తొందర మనలో చాలామందికి ఉంటుంది.

లేఖ ఇవ్వడానికి ముందు ఒక మెట్టు ఉంది. ఆయన విశ్వాసి, మీ సంఘస్థుడు. కాబట్టి మత్తయి పద్దెనిమిదో అధ్యాయం మీ ఇద్దరికీ వర్తిస్తుంది. మొదట ఒంటరిగా వెళ్లి తప్పు తెలియజేయాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకువెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మీరు ఇప్పటికే ఒకసారి అడిగానన్నారు. అది ఆఫీసులో, నలుగురి మధ్య, కోపంగా అడిగినదైతే మరొకసారి విడిగా అడగండి. పిలిచి మాట్లాడిన ఆ రోజు తేదీని మీ దగ్గర రాసి పెట్టుకోండి. అప్పుడు కూడా వినకపోతే ఒకరిద్దరు నమ్మదగిన విశ్వాసులతో వెళ్లండి. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో సహోదరుని మీద హృదయంలో పగపట్టవద్దన్న మాట, పొరుగువాణ్ని తప్పక గద్దించాలన్న మాట ఒకే వచనంలో పక్కపక్కనే ఉన్నాయి. చెప్పకుండా మింగిన మాటే పగగా మారుతుందని ఆ వచనం రాయించినవానికి తెలుసు.

విశ్వాసులు ఒకరి మీద ఒకరు అన్యజనుల ఎదుట వ్యాజ్యమాడవచ్చా అని కొరింథీయుల మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు గద్దించాడు కదా, అన్యాయం సహించడం మేలు కాదా అన్నాడు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. చెప్పనివ్వండి, అది నిజంగా వాక్యమే, దాన్ని తేలికగా తీసివేయకూడదు. అయితే అదే చోట పౌలు, మీ మధ్య సహోదరుల తగవు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని అడుగుతున్నాడు. తగవును సంఘం విని తీర్చాలన్నది అతని ఆశ, తొక్కిపెట్టాలన్నది కాదు. మీ కాపరి మీ ఇద్దరినీ కూర్చోబెట్టి, కాగితాలు చూసి, తప్పు ఎవరిదైతే వారికి చెప్పగలిగితే అంతకంటే మేలు లేదు. అలా చేయకుండా గాయపడినవారికి మాత్రమే సహించమని బోధిస్తే, పౌలు మాటలో సగమే పాటించినట్టు. పైగా మీరు వెళ్తున్నది న్యాయస్థానానికి కాదు, మీరిద్దరూ జీతం తీసుకుంటున్న సంస్థ పెట్టిన ఏర్పాటు దగ్గరికి. మీ తరువాత ఆయన కింద పనిచేయబోయేవారి సంగతి కూడా ఇందులో ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ జవాబును మీరొక్కరే చదవరు. శరీరానికి హాని, లైంగిక వేధింపు, పిల్లల మీద అఘాయిత్యం ఉన్న చోట ఒంటరిగా వెళ్లి మాట్లాడమన్న సలహా వర్తించదు. అక్కడ మొదట సురక్షితమైన చోటికి వెళ్లాలి, వెంటనే చట్టానికి తెలియజేయాలి. సౌలు రాజు ఈటె విసిరినప్పుడు దావీదు తప్పించుకుని పారిపోయాడు. దేవాలయంలో రాళ్లు ఎత్తినప్పుడు ప్రభువే దాగి బయటికి వెళ్లిపోయాడు. సహించమని చెప్పి ఒక మనిషిని మళ్లీ దెబ్బల మధ్యకు పంపే సంఘం దేవుని ఎదుట జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

క్షమాపణ గురించి మీరు నేరుగా అడగలేదు, కాని మీ ప్రశ్నంతా దాని చుట్టూనే తిరుగుతోంది. క్షమించడం వేరు, తిరిగి నమ్మడం వేరు. ఏన్గెదీ గుహలో సౌలు తన చేతికి చిక్కినప్పుడు దావీదు అతని వస్త్రపు అంచు మాత్రమే కోసి, బయటికి వచ్చి, నీకూ నాకూ మధ్య యెహోవా న్యాయం తీర్చును గాక అని అరిచి చెప్పాడు. సౌలు ఏడ్చాడు, నీవు నాకంటే నీతిమంతుడివన్నాడు. అయినా దావీదు అతని వెంట వెళ్లలేదు, తన కొండలకే వెళ్లిపోయాడు. సౌలు రెండోసారి చిక్కినప్పుడు అతని దగ్గర నుంచి తీసుకున్న ఈటెను తిరిగి పంపించాడు గాని, రమ్మని సౌలు పిలిచినా తాను వెళ్లలేదు. యోసేపు తనను అమ్మేసిన అన్నలను చూసి పక్కకు వెళ్లి ఏడ్చాడు, కాని తానెవరో వెంటనే చెప్పలేదు. తమ్ముడైన బెన్యామీనుకు బదులు నేను దాసుడిగా ఉంటానని యూదా ముందుకు వచ్చేదాకా ఆగాడు. ఒకప్పుడు తనను అమ్మేద్దామన్నది ఆ యూదాయే. పౌలు తన చివరి పత్రికలో తనను విడిచి వెళ్లినవారి మీద ఆ నేరం మోపబడకూడదని ప్రార్థించాడు. దానికి రెండు వచనాల ముందు, అలెక్సంద్రు అనే కంచరివాడు తనకు చాలా కీడు చేశాడనీ, అతని విషయంలో జాగ్రత్తగా ఉండమనీ తిమోతికి పేరుపెట్టి రాశాడు. ఆ రెండు మాటలూ ఒకే హృదయంలోంచి వచ్చాయి. అందుచేత మీ పై అధికారిని క్షమించి కూడా, ఇకమీదట మీ నివేదికలను మీరే నేరుగా పంపే ఏర్పాటు చేయమని సంస్థను అడగవచ్చు.

కోపం విషయంలో మిమ్మల్ని మీరు మరీ నిందించుకోకండి. ఎన్నాళ్లవరకు యెహోవా అన్న కేక కీర్తనల్లో పదే పదే వినిపిస్తుంది. శత్రువు కాదు, నాతో కలిసి దేవుని మందిరానికి నడిచినవాడే నాకు ద్రోహం చేశాడని యాభై అయిదో కీర్తన ఏడుస్తుంది. ఆ కీర్తనను మీ కోసమే రాసినట్టు చదువుకోండి. అందులో కఠినమైన మాటలు కూడా ఉన్నాయి, కాని అవి దేవునితో అన్నవి. మనుషుల ముందు విసరవలసిన రాళ్లను కీర్తనకారుడు దేవుని పాదాల దగ్గర పెట్టాడు.

ఫిర్యాదు చేసినా న్యాయం జరగకపోవచ్చు. ఈ మాట దాచి మీకు ధైర్యం చెబితే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. యోసేపుకు పదిహేడేళ్లప్పుడు మొదలైన కష్టం ముప్పై ఏళ్లకు ఫరో ఎదుట నిలబడేదాకా తీరలేదు. చెరసాలలో ఉండగా, నేనేమీ చేయకుండానే నన్ను ఇక్కడ వేశారు, ఫరోతో నా సంగతి చెప్పు అని పానదాయకుల అధిపతిని బతిమాలుకున్నాడు. వాడు రెండేళ్లు మరిచిపోయాడు. నా విషయంలో విచారణ ఏడు నెలలు సాగింది. నా మీద మోపిన రెండు తప్పుల్లో ఒకదాని నుంచి నా పేరు తీసేశారు, రెండోది అలాగే ఉంచారు. పోయిన జీతం పెంపు తిరిగి రాలేదు. ఆయన క్షమాపణ అడగలేదు. నేను క్షమించానని నోటితో మొదటి నెలలోనే చెప్పాను, నిజంగా క్షమించడానికి మూడేళ్లు పట్టింది. ఆయన కొడుక్కి మంచి ఉద్యోగం వచ్చిందని ఒకరు చెప్పినప్పుడు నాలో ఏ ముల్లూ కదలలేదు. ఆ రోజే నాకు తెలిసింది.

చివరిగా ప్రభువు బల్ల గురించి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి వెళ్లి సమాధానపడమని మత్తయిలో ప్రభువు చెప్పింది, సహోదరునికి తన మీద విరోధమేమైనా ఉందని జ్ఞాపకం వచ్చినవాడికి. మీకు అన్యాయం చేసినవారు సమాధానపడేదాకా మీరు బల్లకు దూరంగా ఉండాలని అక్కడ లేదు. మీ వైపు ఉన్న బాధ్యత మార్కు పదకొండో అధ్యాయంలో ఉంది: ప్రార్థన చేయడానికి నిలబడినప్పుడు క్షమించండి. కోపం ఇంకా మిగిలి ఉంటే ఉన్నదని ప్రభువుకే చెప్పి, నా పై అధికారి పతనాన్ని నేను కోరను అని మనస్సాక్షిగా అనగలిగితే రొట్టె తీసుకోండి. ఆ ఒక్క మాట అనలేని ఆదివారం ఉంటే, ఆ రోజుకు కూర్చుని ప్రార్థించండి, తరువాతి వారం రండి. మీ సంఘంలో పెద్దలే పాత్ర అందించే పద్ధతి ఉండి, ఆయన చేతి నుంచి అందుకోవడం మీకు ఇప్పుడే చేతకాకపోతే, మరొక పెద్ద పంచే వరుసలో కూర్చోండి. అందులో పాపమేమీ లేదు.